ఎడమవైపుకే

గురువారం సాయంత్రం ఏడింటికి
రేవు పక్కన పాత సార్డీన్ గోదాములో
మా పన్నెండుమందికీ కాళ్లు కొత్తగా మొలుస్తాయి.

పందొమ్మిదేళ్లుగా ఈ ఊరి ఉత్తరాలు మోస్తున్నాను.
ఏ మెట్టు వదులుగా ఉందో, ఏ గుమ్మం తల వంచమంటుందో,
ఏ కుక్క కరుస్తుందో, ఏది కరిచేట్టు నటిస్తుందో
నా పాదాలకి కంఠతా వచ్చు.
అలాంటి పాదాలు ఇక్కడ
"ఎడమకి" అనగానే
బడిలో కొత్తగా చేరిన పిల్లల్లా
ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి.

సోయాజిగ్‌కి డెబ్బై నాలుగు. మోకాలికి పట్టీ.
"కిందికి చూడొద్దు," అంటుంది,
"నేల ఎక్కడికీ పోదు."
ఉనన్, దవ్, త్రీ, పెవార్ —
అమ్మమ్మ నేర్పిన బ్రెతాన్‌లో లెక్కపెడుతుంది.
బళ్లో ఆ భాష మాట్లాడినందుకు
వాళ్లమ్మ వేళ్ల మీద బెత్తం పడిందట.
మాకు అందులో నాలుగుదాకే వచ్చు.
ఈ ఆటకి నాలుగు చాలు.
నాలుగు నడవాలి, నాలుగు ఉన్నచోటే ఊగాలి,
మళ్లీ నడవాలి.
ఇంతేనా, అనుకున్నాను మొదటివారం.

బేకరీ గ్వెనోలే ఎప్పుడూ ఒకడుగు ముందు,
పొయ్యిలో రొట్టె మాడుతున్నట్టు.
లెక్కల టీచరు అజెనోర్ పెదాలు కదుపుతూ
మూడు తర్వాత ఐదుకి దూకుతుంది.
నేను తప్పితే నా తప్పు నా దగ్గర ఆగదు.
చేతినుంచి చేతికి పాకి, వరస చివర
పళ్ల డాక్టరు మడమ మీద పడుతుంది.

ఇందులో అరచేతులు పట్టుకోరు.
చిటికెన వేలికి చిటికెన వేలు
కొక్కెంలా తగిలిస్తారు, అంతే.
ఆ మాట వినగానే
పెర్-యాన్ కోటు కోసం లేచాడు.
ఏమనుకున్నాడో, మళ్లీ తగిలించాడు.

అతని ఇల్లు నా దారిలో నలభై ఒకటోది.
పింఛను కవరు, కరెంటు బిల్లు,
ఏడాదికోసారి చెల్లెలి కార్డు —
ఏదైనా ఎడమచేత్తోనే అందుకుంటాడు.
కుడిచెయ్యి తలుపు వెనకే ఉంటుంది.
గీర అనుకున్నాను ఇన్నేళ్లూ.
వల లాగే యంత్రం ఒకటి
ఐర్లండుకి దిగువన, ఓ తుఫాను రాత్రి
అతని చిటికెన వేలిని సముద్రానికి ఇచ్చేసిందని
నాకెవరూ ఉత్తరం రాయలేదు.

వరసలో నా ఎడమపక్క నిలబడ్డాడు.
సోయాజిగ్ ఏమీ అనలేదు. మీట నొక్కింది.
నా వేలు గాలిలో వంగి ఉంది
తగులుకోడానికి చోటు లేక.
అతను పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నాడు.
ఎవరో ఒకరు సిగ్గు విడవాలి కదా,
తడిమాను.
దొరికింది —
ఒకే ఒక్క కణుపు, అలలకి అరిగిన గవ్వలా నున్నగా,
పక్కన ఉంగరపు వేలు దానికి కాపలా.
రెంటినీ కలిపి పట్టుకున్నాను.
అతని చెయ్యి ఒకసారి చేపలా గింజుకుంది.
తర్వాత ఊరుకుంది.

బొంబార్డ్ గొంతెత్తింది.
ఉనన్, దవ్.
చేతులు గుండ్రంగా లేచి పడుతుంటే
మూడో చుట్టుకి
ఏం పట్టుకున్నానో మరిచిపోయాను.
మరిచిపోయానన్న సంగతి
ఐదో చుట్టులో గుర్తొచ్చి, తప్పాను.
చివరినుంచి పళ్ల డాక్టరు "అబ్బా" అన్నాడు.

శుక్రవారం వాన.
నలభై ఒకటో తలుపు ఎప్పటిలాగే జానెడు తెరుచుకుంది.
కవరు కోసం ఎడమచెయ్యే వచ్చింది.
"మెర్సీ" కూడా ఎప్పటిదే, సగం మింగింది.
కానీ తలుపు కింది సందులో
ఉన్ని చెప్పు ఒకటి
ఎడమకి జరిగింది. జోడు వచ్చి కలిసింది.
మళ్లీ ఎడమకి.

ఏమీ చూడనట్టు మెట్లు దిగాను.
నలభై మూడో ఇంటి బిల్లు
నలభై రెండులో వేసేశాను.